టూ-వే స్పీకర్లు కట్టాను: బేస్ బొయ్యిమంటోంది, గొంతు పక్క గదిలోంచి వస్తోంది

గోదారిగట్టు (రాజమహేంద్రవరం) | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఏడాది నుంచి ఇక్కడ పోస్టులు చదవడమే తప్ప రాసింది లేదు. మొత్తానికి నేనూ ఒక జత కట్టాను. కట్టిన సంతోషం రెండు గంటలే ఉంది.

ఊఫర్ (బేస్ పలికేది) ఆరున్నర అంగుళాలది, 8 ఓమ్స్. డేటా షీట్‌లో ఎఫ్‌ఎస్ (కోన్ దానంతట అది ఊగే ఫ్రీక్వెన్సీ) 45 హెర్ట్జ్, క్యూటీఎస్ (ఆ ఊపు ఎంత త్వరగా ఆగుతుందో చెప్పే అంకె) 0.40, వీఏఎస్ (కోన్ స్ప్రింగుకి సమానమైన గాలి) 23 లీటర్లు అని ఉంది. ట్వీటర్ (పైస్థాయి ధ్వనులు పలికేది) ఒక అంగుళం సిల్క్ డోమ్, అదీ 8 ఓమ్సే. ఈ అంకెలు విన్‌ఐఎస్‌డీలో (డబ్బా లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్) వేస్తే 25 లీటర్ల డబ్బా, 42 హెర్ట్జ్ ట్యూనింగ్ అని వచ్చింది. ఇంట్లో కిచెన్ కబోర్డులు చేయించినప్పుడు 18 ఎంఎం ప్లైవుడ్ మిగిలింది. దాంతోనే కార్పెంటర్ చేత 22 సెం.మీ. వెడల్పు, 38 ఎత్తు, 30 లోతుతో రెండు డబ్బాలు చేయించాను. ముందు పలకకి 5 సెం.మీ. లోపలి వ్యాసం ఉన్న పీవీసీ పైపు, 9.7 సెం.మీ. పొడవు. క్రాసోవర్ (బేస్‌ని ఊఫర్‌కీ, పైస్థాయిని ట్వీటర్‌కీ విడదీసేది) రెడీమేడ్ బోర్డు, మీద ‘3 కిలోహెర్ట్జ్, 12 డీబీ’ అని రాసి ఉంది.

ఇక బాధ. మృదంగం వింటుంటే తొప్పి (బేస్ పలికే ఎడమ వైపు) మీద ఎక్కడ కొట్టినా ఒకటే మోత, ‘బొయ్’, ‘బొయ్’. అన్ని దెబ్బలూ ఒకే శ్రుతిలో ఉన్నట్టు. అది చాలదని పాడేవాళ్ల గొంతు ఎక్కడో వెనక గదిలో తలుపు వేసుకుని పాడుతున్నట్టు ఉంది. పాట తెలుసు కాబట్టి మాటలు అర్థమవుతున్నాయి, లేకపోతే అదీ లేదు. మా ఆవిడ టీవీలో ఉన్న స్పీకరే నయమంది. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి.

శ్రుతిపెట్టె (విశాఖపట్నం) | శనివారం, రాత్రి 10:05

బాగా వివరంగా రాశారు, చాలామంది ‘స్పీకర్ బాలేదు, ఏం చెయ్యాలి’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఒక్క ప్రశ్న. ఆ 22, 38, 30 బయటి కొలతలా, లోపలి కొలతలా?

గోదారిగట్టు | శనివారం, రాత్రి 10:11

బయటివే మేడం. 22×38×30 అంటే 25,080 ఘన సెంటీమీటర్లు, అంటే సరిగ్గా 25 లీట...

అయ్యో.

చార్మినార్‌చాయ్ (హైదరాబాద్) | శనివారం, రాత్రి 10:14

😂 అన్నా, బాధపడకు. ఈ తప్పు చెయ్యనివాళ్లు ఇక్కడ ఎవరూ లేరు. నా మొదటి సబ్ఊఫర్‌లో లోపలి బిళ్లల చెక్కనీ గాలి కింద లెక్కేశాను.

శ్రుతిపెట్టె | శనివారం, రాత్రి 10:48

సరే, లెక్క చేద్దాం. 18 ఎంఎం పలక రెండు వైపులా ఉంటుంది కాబట్టి ప్రతి కొలతలో 3.6 సెం.మీ. పోతుంది. లోపల మిగిలేది 18.4×34.4×26.4. అంటే 16.7 లీటర్లు. అందులోంచి ఊఫర్ అయస్కాంతం, పైపు, క్రాసోవర్ బోర్డు, మూలల్లో కొట్టిన బిళ్లలు తీసేస్తే 15.5 అనుకోండి. మీరు 25 అనుకుని కట్టింది పదిహేనున్నర.

డబ్బా చిన్నదైతే దానంతట అదే పెద్ద నేరం కాదు. కానీ పైపు పొడవు 25 లీటర్లకి లెక్కేసింది. పైపులో ఉన్న గాలి ఒక బరువు, డబ్బాలో ఉన్న గాలి ఒక స్ప్రింగు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే బుయ్‌మంటుందే, అదే సూత్రం. సీసా చిన్నదైతే ధ్వని పైకెక్కుతుంది. మీ 9.7 సెం.మీ. పైపు 25 లీటర్లలో 42 హెర్ట్జ్ పలికేది, 15.5 లీటర్లలో 53 దగ్గర పలుకుతుంది. నేను మీ అంకెలతో సిమ్యులేషన్ వేశాను. 65-70 హెర్ట్జ్ ప్రాంతంలో ఓ 2 డీబీ గుట్ట లేచింది. దానికి మీ గది మూలలు కలిపేది వేరే. మీరు వింటున్న ‘బొయ్’ ఆ గుట్టే.

రేపు పొద్దున్నే ఖర్చు లేని పరీక్ష ఒకటి చెయ్యండి. రెండు పైపుల్లోనూ పాత సాక్సు గట్టిగా కుక్కండి. అప్పుడది మూసిన డబ్బా అవుతుంది. మీ ఊఫర్‌కి 15.5 లీటర్ల మూసిన డబ్బాలో క్యూటీసీ (డబ్బాలో పెట్టాక వచ్చే క్యూ) 0.63 వస్తుంది, రెజొనెన్స్ 71 హెర్ట్జ్. లోతైన బేస్ తగ్గుతుంది కానీ తొప్పి దెబ్బలు విడివిడిగా వినిపించాలి. వినిపిస్తే నా లెక్క కరెక్టే.

పాతకాపు (తెనాలి దగ్గర పల్లె) | ఆదివారం, ఉదయం 6:20

ఈ క్యూలూ వీఏఎస్‌లూ లేని రోజుల్లోనూ పాటలు విన్నాం బాబూ. 90ల్లో మా ఊరి టేప్ రికార్డర్ షాపులో 4440 ఐసీ యాంప్లిఫైయర్ బోర్డు, 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, ఒక ఎనిమిది అంగుళాల స్పీకరు కొనేవాళ్లం. కుమ్మరాయన దగ్గర మెడ పొడుగ్గా ఉన్న కుండ తెచ్చి, దాని మూతి మీద స్పీకర్ బోర్లించి చుట్టూ ఎం-సీల్ పెట్టేవాళ్లం. సెలూన్‌లో, ఆటోలో, కల్లాల దగ్గర అన్నిచోట్లా కుండ స్పీకరే. బేస్ కొడితే పక్కనున్న గ్లాసులో టీ వణికేది. ఎవడూ లీటర్లు కొలవలేదు.

డల్లాస్ డెసిబెల్ | ఆదివారం, ఉదయం 7:02 (ఇక్కడ ఇంకా శనివారం రాత్రే)

పాతకాపు గారూ, కుండ గొప్పదే, కాదనడం లేదు. బయటి ఆకారం గురించి అయితే శాస్త్రం కూడా మీ పక్షమే. హ్యారీ ఓల్సన్ అనే ఇంజినీరు 1950ల తొలినాళ్లలో రకరకాల ఆకారాల డబ్బాలు కొలిచి, గోళాకారమే అన్నిటికంటే నున్నటి రెస్పాన్స్ ఇస్తుందని చూపించాడు. పదునైన అంచులు ఉండవు కదా.

కాకపోతే కుండలో బేస్ బాగా రావడం, రాకపోవడం మన చేతిలో ఉండేది కాదు. ఒక కుండ బాగుంటే కుమ్మరాయన్ని పొగిడేవాళ్లం, ఇంకోటి బాగోకపోతే స్పీకర్‌ని తిట్టేవాళ్లం. పైపు పెట్టిన డబ్బాకి థూరాస్ అమెరికాలో పేటెంట్ తీసుకున్నది 1932లో. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు కంపెనీలవాళ్లే అటూ ఇటూ కోసి చూసుకుంటూ కట్టేవారు. 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, 70ల మొదట్లో రిచర్డ్ స్మాల్ ఆ లెక్కలు తేల్చాక గానీ మనలాంటివాళ్లకి ఇంట్లో కూర్చుని కట్టే ధైర్యం రాలేదు. ఎఫ్‌ఎస్, క్యూటీఎస్, వీఏఎస్‌లని థీల్-స్మాల్ పారామీటర్లు అనేది అందుకే.

గోదారిగట్టు గారూ, గొంతు సంగతికి వస్తాను. మీ బోర్డు 12 డీబీ క్రాసోవర్ అన్నారు. ట్వీటర్ ప్లస్‌ని బోర్డు ప్లస్‌కే కలిపారా?

గోదారిగట్టు | ఆదివారం, ఉదయం 8:30

సాక్సులు కుక్కాను. శ్రుతిపెట్టె మేడం, మీకు దణ్ణం. తొప్పి తొప్పిలా ఉంది! అడుగు బేస్ తగ్గింది కానీ ఇప్పుడు ఏ దెబ్బకి ఆ దెబ్బ తెలుస్తోంది.

డల్లాస్ గారూ, అవును, ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే. అంతకంటే జాగ్రత్తగా ఎలా కలుపుతాం?

డల్లాస్ డెసిబెల్ | ఆదివారం, ఉదయం 8:52

అక్కడే ఉంది తిరకాసు. 12 డీబీ ఫిల్టర్‌లో క్రాసోవర్ దగ్గర ఊఫర్‌కి వెళ్లే సిగ్నల్‌కీ ట్వీటర్‌కి వెళ్లే సిగ్నల్‌కీ 180 డిగ్రీల తేడా ఉంటుంది. రెండింటినీ ఒకే దిశలో కలిపితే 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఒకటి ముందుకు తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతుంది. రెండూ కొట్టుకుని అక్కడ గొయ్యి పడుతుంది. మాటల్లో హల్లుల స్పష్టత ఎక్కువగా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్యే ఉంటుంది, మన చెవి చురుగ్గా ఉండేదీ ఆ చుట్టుపక్కలే. అక్కడ గొయ్యి పడితే అచ్చులు వినిపిస్తాయి, హల్లులు మింగేస్తుంది. మీరన్న ‘పక్క గది’ అదే అయ్యుండాలి.

ట్వీటర్ రెండు వైర్లూ తారుమారు చెయ్యండి. రెండు డబ్బాల్లోనూ. కొన్ని బోర్డుల్లో లోపలే తిప్పేసి ఉంటారు, అప్పుడు తిప్పితే ఇంకా పాడవుతుంది, భయపడకండి, మళ్లీ తిప్పెయ్యండి. చెవి మీద నమ్మకం లేకపోతే ధ్వని కొలిచే ఆర్‌ఈడబ్ల్యూ సాఫ్ట్‌వేర్ ఉచితం, ల్యాప్‌టాప్‌కి మైకు పెట్టి స్వీప్ (కింది నుంచి పైదాకా ఎక్కే ధ్వని) తీయండి. కొలత మైకు లేకపోతే ఏదో ఒక మైకు సరిపోతుంది. తిప్పక ముందు, తిప్పాక రెండు గీతల తేడా చూడటానికే కదా.

కాయిల్‌చుట్టు (గుంటూరు) | ఆదివారం, ఉదయం 9:40

అసలు ఆ రెడీమేడ్ బోర్డు తీసి పారెయ్యమంటాను. మా నాన్నది మోటార్ వైండింగ్ షాపు, నేను కాయిల్స్ అక్కడే చుట్టుకుంటా, అందుకే నాకు ఈ బోర్డులంటే పడదు. బోర్డు మీద 3 కిలోహెర్ట్జ్ అని రాసేవాడు స్పీకర్ ఎప్పుడూ 8 ఓమ్సే ఉంటుందనుకుని రాశాడు. ఊఫర్ ఎక్కడా కదలకుండా 8 ఓమ్స్ ఉండదు. రెజొనెన్స్ దగ్గర 30 దాటుతుంది, పైకి వెళ్లేకొద్దీ కాయిల్ ఇండక్టెన్స్ వల్ల మళ్లీ ఎక్కుతుంది. కాబట్టి ఆ బోర్డు మీ ఊఫర్‌ని రాసిన చోట కొయ్యదు. ఊఫర్ టెర్మినల్స్ మీద అడ్డంగా 8 ఓమ్స్ 10 వాట్ల సిరామిక్ రెసిస్టర్, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ సిరీస్‌లో పెడితే ఆ ఎక్కుడు తగ్గుతుంది. సరైన విలువ మీ ఊఫర్ ఇండక్టెన్స్ చూసి లెక్కెయ్యాలి, ఆరున్నర అంగుళాలవాటికి చాలాసార్లు ఆ చుట్టుపక్కలే వస్తుంది.

కెపాసిటర్లకి ఖర్చు పెట్టొద్దు. సీలింగ్ ఫ్యాన్ కెపాసిటర్ లోపల ఉండేది పాలీప్రొపిలీన్ ఫిల్మే. 3.15 మైక్రోఫారడ్‌వి రెండు పారలల్‌గా పెడితే 6.3. 8 ఓమ్స్ ట్వీటర్‌కి 6 డీబీ ఫిల్టర్ 3 కిలోహెర్ట్జ్ దగ్గర కావాలంటే లెక్కకి 6.6 వస్తుంది, తేడా చెవికి తెలియదు. కానీ కొత్తవే కొనండి. పాత ఫ్యాన్‌లోంచి పీకినది వద్దు, విలువ పడిపోయి ఉంటుంది. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోందని మార్చేది అందుకే కదా.

చార్మినార్‌చాయ్ | ఆదివారం, ఉదయం 11:15

కాయిల్‌చుట్టు చెప్పినదానికి నాదొక కథ. రెండేళ్ల కింద కోఠి గుజరాతీ గల్లీలో ఒక షాపులో (పేరెందుకులే) పెద్ద ఊఫర్ కొన్నా. మీద ‘300 వాట్స్, 8 ఓమ్స్’ అని మెరిసే స్టిక్కర్. అయస్కాంతం చూసి మురిసిపోయా. మా తమ్ముడి పెళ్లి ముందురోజు ఇంటి ముందు పెడితే గంటకే యాంప్లిఫైయర్ ముట్టుకుంటే కాలుతోంది. అప్పుడు మల్టీమీటర్ పెట్టి చూస్తే 3.4 ఓమ్స్. అంటే అది 4 ఓమ్స్ స్పీకరు. మర్నాడు రాత్రికి కాయిల్ వాసన వచ్చింది, కోన్ ఇరుక్కుపోయింది. స్టిక్కర్ గోకితే కింద ఇంకో స్టిక్కరు.

అప్పటినుంచి ఏ షాపుకెళ్లినా జేబులో చిన్న మల్టీమీటర్ ఉంటుంది. 8 ఓమ్స్ స్పీకర్‌కి మీటర్‌లో ఐదున్నర నుంచి ఏడు దాకా చూపించాలి. మూడు చిల్లర చూపిస్తే అది 4 ఓమ్స్‌ది. కోన్‌ని రెండు చేతుల వేళ్లతో సమంగా లోపలికి నొక్కి వదలండి, గరగర వినిపిస్తే తిరిగిచ్చెయ్యండి. షాపువాడు మొహం ముడుచుకున్నా సరే.

గోదారిగట్టు | సోమవారం, ఉదయం 7:45

రిపోర్టు.

నిన్న మధ్యాహ్నం వైర్లు తిప్పుదామనుకున్నా, తర్వాత పూర్తిగా కొలిచే చేద్దామనిపించింది. ఇంట్లో గోడలు అడ్డమని ఇవాళ తెల్లవారుజామున ఐదింటికి ఒక డబ్బా, ల్యాప్‌టాప్, పాత మైకు మేడ మీదికి మోసుకెళ్లాను. నీళ్ల ట్యాంకు పక్కన ఇనుప స్టూలు వేసి ట్వీటర్ నేలకి మీటరు ఎత్తులో వచ్చేలా పెట్టాను, మైకు మీటరు దూరంలో. మొదటి స్వీప్ ‘కుయ్య్య్’ అని పైకి లేవగానే ఎదురింటి పెద్దాయన కిటికీ తీసి ‘అంబులెన్సా బాబూ?’ అన్నాడు. రెండోదానికి కుక్కలు అందుకున్నాయి. మూడోది నిమ్మళంగా వచ్చింది.

గీతలో 2.8 కిలోహెర్ట్జ్ దగ్గర గొయ్యి. చుట్టుపక్కలకంటే 14 డీబీ కింద! ట్వీటర్ వైర్లు విప్పి, తిప్పి, మళ్లీ తీశాను. గొయ్యి లేదు. ఒక్క చిన్న వంపు మాత్రం మిగిలింది. అదే స్టూలు, అదే మైకు, తేడా అల్లా రెండు స్పేడ్ క్లిప్పులు.

కిందికి తెచ్చి రెండో డబ్బా కూడా మార్చి పాట పెట్టాను. గొంతు ముందుకొచ్చి కూర్చుంది. ‘స’కీ ‘ష’కీ తేడా తెలుస్తోంది. మా ఆవిడ వంటింట్లోంచి ‘ఇప్పుడు వినబడుతోంది’ అంది. ‘బాగుంది’ అనలేదు, గమనించండి.

ఎందుకంటే ఇప్పుడు కొత్త గొడవ. గొంతు స్పష్టంగా ఉంది కానీ సన్నగా ఉంది. కాస్త పదును కూడా. అరగంట వింటే చెవులు అలిసిపోతున్నాయి.

శ్రుతిపెట్టె | సోమవారం, ఉదయం 9:10

శాస్త్రోక్తంగా చేశారు! ఒక్క మాట, మీటరు ఎత్తు, మీటరు దూరం అంటే నేల మీద తగిలి వచ్చే ధ్వని 3.6 మిల్లీసెకన్లు ఆలస్యంగా మైకుకి చేరుతుంది. దాన్ని కత్తిరించి చూస్తారు కాబట్టి ఆ గీతని 280 హెర్ట్జ్ కింద నమ్మొద్దు. గొయ్యి చూడటానికి మాత్రం దివ్యంగా సరిపోయింది.

ఇప్పటి గొడవలో రెండు ముక్కలున్నాయి. ట్వీటర్ డేటా షీట్‌లో సెన్సిటివిటీ (ఒకే సిగ్నల్‌కి ఎంత గట్టిగా పలుకుతుందో, డీబీల్లో) ఎంత, ఊఫర్‌ది ఎంత?

గోదారిగట్టు | సోమవారం, ఉదయం 9:25

ట్వీటర్ 91, ఊఫర్ 87.

శ్రుతిపెట్టె | సోమవారం, ఉదయం 9:58

పదును అందుకే. ట్వీటర్ 4 డీబీ గట్టిగా అరుస్తోంది. ఇన్నాళ్లూ ఆ గొయ్యి దాన్ని కప్పేసింది. క్రాసోవర్‌కీ ట్వీటర్‌కీ మధ్య 3 ఓమ్స్ సిరీస్‌లో, ట్వీటర్ మీద అడ్డంగా 13-15 ఓమ్స్ పెట్టండి, 4 డీబీ తగ్గుతుంది. ఎల్-ప్యాడ్ అంటారు. క్రాసోవర్‌కి మాత్రం ఇంకా 8 ఓమ్సే కనబడుతుంది, అదీ దీని సుఖం.

సన్నదనం వేరే కథ. పొడవాటి అలలు డబ్బా చుట్టూ తిరిగి వెనక్కీ వెళ్లిపోతాయి, పొట్టివి ముందు పలక మీంచి ముందుకే వస్తాయి. మీ పలక 22 సెం.మీ. కాబట్టి ఆ మార్పు 520 హెర్ట్జ్ చుట్టుపక్కల జరుగుతుంది. అక్కణ్ణుంచి కిందికి మెల్లగా తగ్గుతూ 6 డీబీ దాకా పోతుంది. గొంతులో నిండుదనం సగం అక్కడే ఉంటుంది. క్రాసోవర్‌లో దీన్ని సరిచేయొచ్చు, ముందు డబ్బాలు గోడకి ఎంత దూరంలో ఉన్నాయో చెప్పండి.

గోదారిగట్టు | సోమవారం, ఉదయం 10:04

హాలు మధ్యలో. వెనక గోడకి ఐదడుగులు. ఎక్కడో చదివాను, గోడకి దూరంగా పెట్టాలని.

డల్లాస్ డెసిబెల్ | సోమవారం, మధ్యాహ్నం 12:20

హాలు మధ్యలో స్పీకర్లు పెట్టనిచ్చిన మీ ఆవిడకి ముందు ఒక చీర కొనిపెట్టండి. తర్వాత డబ్బాలు గోడకి అడుగు దూరానికి జరపండి. వెనక్కి పోయేదాంట్లో కొంత గోడ తిరిగిస్తుంది.

గోదారిగట్టు | బుధవారం, రాత్రి 8:50

ఎల్-ప్యాడ్ పెట్టాను. గోడకి జరిపాను. పదును పోయింది, గొంతుకి ఒళ్లొచ్చింది. ఇంకొంచెం నిండుదనం కావాలనిపిస్తోంది కానీ దానికి క్రాసోవర్‌లో కాయిల్ మార్చాలి, అది కాయిల్‌చుట్టు గారి దగ్గరికి వచ్చినప్పుడు చూద్దాం.

మిగిలింది పైపు. సాక్సులతో ఎన్నాళ్లు? మేడం, 15.5 లీటర్లకి 42 హెర్ట్జ్ కావాలంటే పొడవు ఎంత? పైపు ఎం-సీల్‌తో బిగించేశాను, పీకితే పలక ముక్కలవుతుంది.

శ్రుతిపెట్టె | బుధవారం, రాత్రి 9:15

ముందు పలక మందంతో కలిపి 18 సెం.మీ. మీ డబ్బా లోతులో సరిపోతుంది, పైపు చివరకీ వెనక పలకకీ మధ్య ఇంకా పది సెంటీమీటర్లు మిగులుతాయి. పీకొద్దు. ఊఫర్ విప్పి ఆ రంధ్రంలోంచి చెయ్యి పెట్టి, పైపు లోపలి చివరకి ప్లంబర్లు వాడే కప్లర్ తొడిగి మిగతా ముక్క దూర్చండి. ముందు సొల్యూషన్ వెయ్యకుండా పెట్టి వినండి. నచ్చాకే అతికించండి. లోపల బూరుగు దూది పెట్టి ఉంటే పైపు మూతికి అడ్డం రాకుండా చూడండి.

గోదారిగట్టు | గురువారం, రాత్రి 10:30

అయిపోయింది. చెయ్యి మోచేతి దాకా గీరుకుంది, ఊఫర్ రంధ్రం అంచు ఎమ్రీ పేపర్ పెట్టని పాపం. కానీ అడుగు బేస్ తిరిగొచ్చింది, ‘బొయ్’ మాత్రం రాలేదు. గంటంబావు కచేరీ ఆపకుండా విన్నాను. ఈసారి మా ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది, తను అడిగిన పాట పెట్టమంది.

పాతకాపు | శుక్రవారం, ఉదయం 6:05

బాబూ, అంతా చదివాను. అటక మీద నా పాత కుండ ఇంకా ఉంది, స్పీకరూ ఉంది, కోన్ మార్పించాలి. దాని పక్కన రంధ్రం చేసి పైపు పెడితే ఈ లెక్కలు దానికి కూడా వర్తిస్తాయా? దానికి లీటర్లు ఎట్లా కొలవాలి? గుండ్రంగా ఉందాయె.

శ్రుతిపెట్టె | శుక్రవారం, ఉదయం 8:40

వర్తిస్తాయి బాబాయ్ గారూ. లీటరు చెంబుతో అంచుదాకా నీళ్లు పోసి లెక్కపెట్టండి. తర్వాత బాగా ఎండనివ్వండి, తడి కుండ మీద ఎం-సీల్ పట్టదు. రంధ్రం కోసం సుత్తి, మేకు వాడొద్దు, టైల్స్ డ్రిల్లు చేసేవాళ్ల దగ్గర ఉండే గుండ్రటి కటింగ్ బిట్టుతో నీళ్లు చల్లుతూ మెల్లగా తిప్పించండి. కుండ గాలి పీలుస్తుంది కాబట్టి లోపల రెండు కోట్లు పెయింట్ వెయ్యండి. ఎన్ని చెంబులు పట్టాయో ఇక్కడ రాయండి, పైపు పొడవు నేను చెప్తాను.

పాతకాపు | శుక్రవారం, ఉదయం 9:30

పదకొండున్నర చెంబులు. రెండోది పోస్తుంటే మా మనవడు తాగేశాడు, దాన్ని మళ్లీ పోశాను.